మంచి స్టేక్‌కి సాస్ కావాలా? ముందు ప్లేటులో ఉన్న మాంసం ఏదో తెలుసుకోండి

హైదరాబాద్: మా ఖాలా కొడుకు రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు. ఉద్యోగంలో చేరి ఇంకా సంవత్సరం కూడా కాలేదు. పోయిన నెల ప్రాజెక్ట్ పూర్తయిందని టీమ్ అంతా మాదాపూర్‌లో ఒక రెస్టారెంట్‌కి డిన్నర్‌కి వెళ్లింది. మనోడు స్టేక్ తిందామనుకున్నాడు. "మాంసం హలాలేనా?" అని వెయిటర్‌ని అడిగితే "హలాలే సార్" అన్నాడు. ప్లేటు వచ్చింది. మాంసం మీద ముదురు రంగులో మెరుస్తున్న సాస్ చూసి "ఇది ఏం సాస్ భాయ్?" అని అడిగాడు. "రెడ్ వైన్ సాస్ సార్" అని జవాబు వచ్చింది.

ప్లేటు వెనక్కి పంపాడు. పది మంది తింటుంటే తనొక్కడే నీళ్లు తాగుతూ కూర్చున్నాడు. "వంటలో వైన్ అంతా ఎగిరిపోతుంది కదా" అన్నారు ఒకరు. "అసలు మంచి స్టేక్‌కి సాస్ ఎందుకు? సాస్ లేకుండా తెమ్మని చెప్పు" అన్నాడు టీమ్ లీడ్. సరేనని సాస్ లేకుండా, వెల్ డన్ చేయించుకున్నాడు. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్. "భాయ్, చెప్పు తోలు నమిలినట్టుంది. మంచి స్టేక్‌కి సాస్ అక్కర్లేదంటారు. మరి నాకెందుకు గొంతు దిగలేదు?"

ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ చుట్టూ బండరాళ్లు, ఖాళీ జాగాలే ఎక్కువ. ఇప్పుడు అక్కడి నుంచి కొండాపూర్, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఎటు చూసినా రెస్టారెంట్లే. టీమ్ డిన్నర్, బర్త్‌డే, ప్రమోషన్ ఏదైనా అక్కడే. మెనూలో స్టేక్ ఉంటుంది, కానీ దాన్ని ఎలా అడగాలో, ఎలా తినాలో మనకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

చిన్న జవాబు ముందే చెప్పేస్తాను. సాస్ కావాలా వద్దా అన్నది రెండు విషయాల మీద ఉంటుంది. మాంసంలో కొవ్వు ఎంత? దాన్ని ఎంతసేపు కాల్చారు? "మంచి స్టేక్‌కి సాస్ వద్దు" అన్న మాట అమెరికా మాంసానికి చాలా వరకు కరెక్టే. హైదరాబాద్‌లో దొరికే మాంసానికి అది అలాగే సరిపోదు. ఎందుకో చూద్దాం.

స్టేక్ రుచి ఎక్కడి నుంచి వస్తుంది?

స్టేక్ అంటే మాంసం నారకు అడ్డంగా కోసిన మందపాటి ముక్క. దాన్ని బాగా వేడెక్కిన పెనం మీద గానీ, నిప్పుల మీద గానీ తక్కువ సమయంలో కాలుస్తారు. పైన గోధుమ రంగు పొర కడుతుంది. అసలు వాసన, రుచి చాలా వరకు ఆ పొరలోనే ఉంటాయి. లూయీ కమీ మయ్యార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1912లో ఈ మార్పు గురించి రాశాడు. అందుకే దీన్ని మయ్యార్ రియాక్షన్ అంటారు. ఇది బాగా జరగాలంటే మాంసం పైభాగం దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీళ్లు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అందుకే తడి మాంసం పెనం మీద వేస్తే కాలదు, ఉడుకుతుంది.

మన ఇళ్లలో "గోష్త్ బాగా భూన్నా" అని పెద్దవాళ్లు చెప్పేది కూడా ఇదే. నీళ్లు ఇగిరిపోయి, నూనె తేలి, ముక్క రంగు మారేదాకా వేయించాలి. పేరు ఫ్రాన్స్‌ది, పని మన వంటింట్లోదే.

ఆ పొర తర్వాత రుచిని ఇచ్చేవి లోపలి కొవ్వు, రసం. కొవ్వు కరిగి నోట్లో జారుతుంది. రసం ముక్కను తడిగా ఉంచుతుంది. ఈ మూడూ ఉన్న స్టేక్‌కి ఉప్పు, మిరియాలు చాలు. ఏ ఒక్కటి తగ్గినా బయటి నుంచి తెచ్చి కలపాలి. సాస్ చేసే పని అదే.

సాస్ వద్దనే వాళ్ల మాట

అమెరికాలో స్టేక్ కోసం పెంచే పశువులకు చివరి నెలల్లో మొక్కజొన్న లాంటి ధాన్యం బాగా పెడతారు. దాంతో కండ లోపల తెల్లటి సన్నని గీతల్లా కొవ్వు చేరుతుంది. దీన్ని మార్బ్లింగ్ అంటారు. అక్కడి వ్యవసాయ శాఖ మాంసానికి ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అని గ్రేడ్లు ఇచ్చేటప్పుడు ముఖ్యంగా చూసేది ఈ గీతలనే. ప్రైమ్ గ్రేడ్ రిబ్‌ఐ స్టేక్ కాలుతుంటే లోపలి కొవ్వు కరిగి తనకు తానే సాస్ అవుతుంది. పైన ఇంకో సాస్ పోస్తే డబ్బు పెట్టి కొన్న రుచిని దాచుకున్నట్టే. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఎముకతో కాల్చే పెద్ద స్టేక్‌కి కూడా ఉప్పు, ఆలివ్ నూనె, ఒక్కోసారి నిమ్మకాయ. అంతే.

కానీ ఫ్రాన్స్‌లో చూడండి. అక్కడ మెత్తగా ఉండి కొవ్వు తక్కువున్న ఫిలే ముక్కకు మిరియాల సాస్, వెన్నతో చేసే బేర్నేజ్ సాస్ ఇస్తారు. వాళ్లకు మాంసం తెలియక కాదు. ఆ ముక్కలో లేని కొవ్వును వెన్న, మీగడ రూపంలో తెచ్చి ఇస్తున్నారు. అర్జెంటీనా వాళ్లు నిప్పుల మీద కాల్చిన మాంసానికి కొత్తిమీర లాంటి పార్స్లీ ఆకు, వెల్లుల్లి, వెనిగర్, నూనె కలిపిన చిమిచుర్రి పక్కన పెట్టుకుంటారు. కొవ్వు ఎక్కువైన చోట పులుపు కావాలి కాబట్టి.

డోనాల్డ్ ట్రంప్ పూర్తిగా కాల్చిన స్టేక్‌ని కెచప్‌తో తింటారని 2017లో వార్తలు వచ్చాయి. అక్కడి స్టేక్ ప్రియులు బాగా నవ్వుకున్నారు. రాజకీయం పక్కన పెడితే, అందులో ఒక లాజిక్ ఉంది. పూర్తిగా కాల్చిన ముక్కలో రసం మిగలదు. తడి ఎక్కడి నుంచో ఒకచోట నుంచి రావాల్సిందే.

మన దగ్గర దొరికేది వేరు

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. భారత్‌లోకి బీఫ్ దిగుమతి చేసుకోవడానికి అనుమతి లేదు. అంటే అమెరికా ప్రైమ్, జపాన్ వాగ్యూ లాంటివి చట్టప్రకారం మన ప్లేటులోకి రావు. ఇక్కడ 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఉంది. ఆవు, దూడల వధ నిషేధం. మిగతా పశువుల విషయంలో, పాడికి, పనికి, సంతతికి ఇక పనికిరావని అధికారి సర్టిఫికెట్ ఇవ్వాలి. మన దగ్గర బడే కా గోష్త్ అంటే ఎక్కువగా గేదె, దున్నపోతు, ఎద్దు మాంసం. అదీ వయసు పైబడిన పశువుది.

వయసు పెరిగే కొద్దీ కండను పట్టి ఉంచే కొలాజెన్ గట్టిపడుతుంది. నిహారీలా రాత్రంతా ఉడికిస్తే అది కరిగి జిగురుగా మారుతుంది, రుచి అద్భుతం. కానీ పెనం మీద ఆరు నిమిషాల్లో అది కరగదు. పైగా గేదె మాంసంలో కండ లోపలి కొవ్వు చాలా తక్కువ. మార్బ్లింగ్ దాదాపు కనిపించదు.

అందుకే ఇక్కడ స్టేక్ అంటే చాలా వరకు ఒకే ముక్క, అండర్‌కట్. మెనూలో టెండర్‌లాయిన్ అని రాస్తారు. వెన్నెముక కింద లోపలి వైపు ఉండే ఈ కండ పశువు నడకలో పెద్దగా కష్టపడదు. అందుకే వయసైన పశువులో కూడా మెత్తగా ఉంటుంది. అయితే కష్టపడని కండకు రుచి కూడా తక్కువే, కొవ్వు ఇంకా తక్కువ. మెత్తదనం ఉంది, జిడ్డు లేదు. హైదరాబాద్ స్టేక్ కథ మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది.

ఒక పశువులో అండర్‌కట్‌లు రెండే. మేం బీకామ్‌లో జాయింట్ కాస్ట్ అని చదువుకున్నాం. ఒకే సరుకు నుంచి రకరకాల వస్తువులు వస్తే ఖర్చును ఎలా పంచాలి అన్నది ఆ లెక్క. కోరికి, కీమాకి, అండర్‌కట్‌కి పశువు ఒకటే, ధరలు మాత్రం వేరు. కొరత ఉన్నదానికి రేటు ఎక్కువ.

బడా తినని మిత్రులు టీమ్ డిన్నర్‌లో చికెన్ స్టేక్ తీసుకుంటారు. కోడి రొమ్ము ముక్కది కూడా ఇదే సమస్య. కొవ్వు లేదు, కాస్త ఎక్కువ కాలితే పొడి పొడి. కాబట్టి ఈ లెక్క వాళ్లకీ వర్తిస్తుంది.

సిజ్లర్ నేర్పిన అలవాటు

మనలో చాలామందికి స్టేక్ మొదట పరిచయమైంది సిజ్లర్‌గా. కాలిన ఇనుప ప్లేటు, కింద క్యాబేజీ ఆకు, పైన సాస్, చుయ్ మని పొగ. చూడటానికి పండగే. కానీ వేడి ప్లేటు మీద సాస్ పోయగానే జరిగేది ఏమిటి? సాస్‌లోని నీళ్లు ఆవిరవుతాయి. కష్టపడి కట్టించిన గోధుమ రంగు పొర ఆ ఆవిరిలో మెత్తబడుతుంది. లోపల మాంసం ఉడుకుతూనే ఉంటుంది. మీడియం అని అడిగింది మీ దగ్గరికి వచ్చి పది నిమిషాలయ్యేసరికి వెల్ డన్ అవుతుంది. సిజ్లర్‌లో తప్పు లేదు, అది వేరే వంటకం. దాన్నే స్టేక్ అనుకుంటే మాత్రం సాస్ లేని స్టేక్ ఎప్పుడూ మనకు అసంపూర్ణంగానే కనిపిస్తుంది.

సాస్‌లో ఏముంది?

మనకు అసలు పేచీ ఇక్కడే. మాంసం హలాలా అని అడగడం అందరికీ అలవాటే. సాస్ గురించి అడగడం ఇంకా అలవాటు కాలేదు.

రెడ్ వైన్ సాస్ పేరులోనే చెబుతోంది. మిరియాల సాస్ పేరు అమాయకంగా ఉంటుంది, కానీ అసలు ఫ్రెంచ్ పద్ధతిలో అందులో బ్రాందీ పోసి మంట పెడతారు. మష్రూమ్ సాస్‌లో, బేర్నేజ్‌లో చాలా రెసిపీలు వైట్ వైన్ వాడతాయి. కొన్ని బార్బెక్యూ సాసుల్లో విస్కీ ఉంటుంది. వూస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ అనే చిన్న చేపలు ఉంటాయి. చేప మనకు ఇబ్బంది కాదు, పక్కన కూర్చున్న శాకాహార మిత్రుడికి అది తెలియాలి. చిమిచుర్రిలో మామూలుగా మద్యం ఉండదు. సాస్‌కి ఆధారమైన స్టాక్ ఏ ఎముకలతో కాచారో కూడా అడగదగ్గ విషయమే.

"వైన్ ఎగిరిపోతుంది" అన్న మాట సగమే నిజం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, పోసి మంట పెట్టిన వంటలో దాదాపు 75 శాతం ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. 15 నిమిషాలు ఉడికిస్తే 40 శాతం, గంట ఉడికిస్తే 25 శాతం, రెండున్నర గంటలు ఉడికించినా 5 శాతం మిగులుతుంది. స్టేక్ సాస్ రెండున్నర గంటలు ఉడకదు. కాబట్టి ఆ రోజు మా తమ్ముడు ప్లేటు వెనక్కి పంపడం అతి చేయడం కాదు. మసాయిల్ ఏమిటన్నది మీరు నమ్మే ఆలిమ్‌ని అడగండి. నేను చెప్పేది వంట లెక్క మాత్రమే.

ఇంకో విషయం. ముక్క కోయగానే ప్లేటులోకి వచ్చే ఎర్రటి నీళ్లను రక్తమనుకుని చాలామంది వెల్ డన్ అడుగుతారు. అది రక్తం కాదు. జిబహ్ అయినప్పుడే రక్తం పోతుంది. ఈ నీళ్లకు ఎరుపు ఇచ్చేది కండలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్. గేదె మాంసంలో అది ఎక్కువ కాబట్టి రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది. సురక్షితంగా తినడానికి మొత్తం ముక్క లోపల 63 డిగ్రీలు చేరి, మూడు నిమిషాలు పక్కన ఉంటే చాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచన. అంటే మీడియం. కీమాతో చేసినదైతే మాత్రం 71 డిగ్రీలు దాటాలి. కొవ్వు లేని అండర్‌కట్‌ని వెల్ డన్ చేయించుకుని సాస్ కూడా వద్దంటే, చెప్పు తోలు తప్పదు. మా తమ్ముడికి జరిగింది ఇదే.

పత్తర్ కా గోష్త్‌కి సాస్ ఎవరూ అడగరు

ఇదంతా విదేశీ గొడవ అనుకోకండి. ఈ ప్రశ్నకు హైదరాబాద్ ఎప్పుడో జవాబు చెప్పింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్లినప్పుడు సీకులు లేక రాతి మీద మాంసం కాల్చారని, అలా పత్తర్ కా గోష్త్ పుట్టిందని చెప్పుకుంటారు. పలుచగా కొట్టిన ఎముకలేని మటన్, పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, మిరియాలు, కింద బొగ్గులతో వేడెక్కిన నల్లరాయి. పచ్చి బొప్పాయిలోని పపైన్ నారను తెంచి ముక్కను మెత్తబరుస్తుంది. రాయి వేడిని పట్టి ఉంచుతుంది. ఆ రాయి ఏదో కాదు, దక్కన్ గ్రానైట్. దుర్గం చెరువు చుట్టూ, ఖాజాగూడ గుట్టల్లో కనిపించే 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. ఐటీ కారిడార్ కట్టడానికి పేల్చింది కూడా దాన్నే.

దాని మీద సాస్ ఎవరూ పోయరు. పక్కన ఉల్లిపాయ చక్రాలు, నిమ్మకాయ, పుదీనా చట్నీ. కావాలంటే అద్దుకుంటాం.

ఇంట్లో తలా హువా గోష్త్ సంగతి చూడండి. మాంసం పొడిగా వేయిస్తారు, గ్రేవీ ఉండదు. పక్కనే గిన్నెలో ఖట్టీ దాల్. పొడి పొడిగా ఒక ముక్క, తడిగా ఒక ముద్ద. దాల్ తీసుకెళ్లి గోష్త్ మీద కుమ్మరిస్తే అమ్మీ ఊరుకుంటుందా? బిర్యానీకి మిర్చీ కా సాలన్ కూడా అంతే, పక్కనే ఉండాలి. మన భోజనంలో తడి అవసరమే, కానీ దాని చోటు వేరే గిన్నెలో.

తోలిచౌకి వంటింట్లో పరీక్ష

ఆదివారం తమ్ముణ్ణి ఇంటికి పిలిచాను. పొద్దున్నే మాంసం దుకాణం చాచా దగ్గర కిలో అండర్‌కట్ తీసుకున్నాం. మీది తెల్లటి పొర, చివరలు తీసేస్తే 800 గ్రాములు మిగిలింది. అంటే అసలు ఖర్చు కిలో ధర కంటే పావు వంతు ఎక్కువ. 200 గ్రాముల చొప్పున నాలుగు ముక్కలు చేశాం. ఉప్పు రాసి గంటసేపు ఉంచి, బట్టతో తడి తుడిచి, ఇనుప తవా పొగలు వచ్చేదాకా కాల్చి వేశాం.

రెండు ముక్కలు మీడియం, రెండు వెల్ డన్. దింపాక ఐదు నిమిషాలు ముట్టుకోలేదు. వెంటనే కోస్తే రసం ప్లేటులోకి పోతుంది. అదే తవాలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, దంచిన మిరియాలు, నల్లీ ఎముకల నీళ్లు, ఒక చెంచా చింతపండు పులుసు, చివర్లో మీగడ వేసి సాస్ చేశాం. వైన్ సాస్‌లో చేసేది ముఖ్యంగా రెండు పనులు. అడుగంటిన రుచిని విడదీస్తుంది, పులుపు ఇస్తుంది. మొదటి పని ఏ ద్రవమైనా చేస్తుంది. రెండో పనికి మన చింతపండు చాలు.

ఫలితం ఇది. మీడియం ముక్క సాస్ లేకుండా మొదటి నాలుగు ముక్కలు చాలా బాగుంది. తర్వాత నోరు ఏదో వెతికింది. నిమ్మకాయ పిండితే మళ్లీ లేచింది. సాస్ అద్దుకుంటే ఇంకా బాగుంది. వెల్ డన్ ముక్క సాస్ లేకుండా ఇద్దరం పూర్తి చేయలేకపోయాం. సాస్‌తో తినగలిగాం. అమ్మీ మొత్తం చూసి, "ఇంత హంగామా ఎందుకు బేటా, ఖట్టీ దాల్ ఉంది కదా" అని గిన్నె తెచ్చి పెట్టింది. నిజం చెప్పాలంటే వెల్ డన్ ముక్కకు అదే అన్నిటికంటే బాగా కుదిరింది.

రెస్టారెంట్‌లో ఏం అడగాలి?

ఒకటి, ముక్క ఏది, మాంసం దేనిది అని అడగండి. అండర్‌కట్ అయితే సాస్ లేదా నిమ్మకాయ అవసరం పడుతుందని అనుకోండి.

రెండు, సాస్ పక్కన గిన్నెలో ఇవ్వమనండి. మొదటి ముక్క సాస్ లేకుండా తినండి. బాగుంటే సాస్ మీ ఇష్టం. రుచి అసలే లేకపోతే సాస్ దేన్ని దాస్తోందో తెలుస్తుంది.

మూడు, "మద్యం ఉందా?" అని కాకుండా "ఈ సాస్‌లో వైన్, బ్రాందీ, విస్కీ ఏదైనా వేస్తారా? చెఫ్‌ని అడిగి చెప్పండి" అనండి. పోర్క్ వండే వంటగది అయితే పెనం వేరా అని కూడా అడగండి. టీమ్‌తో వెళ్లేటప్పుడు మధ్యాహ్నమే ఫోన్ చేసి కనుక్కుంటే టేబుల్ దగ్గర ఇబ్బంది ఉండదు.

నాలుగు, అభ్యంతరం లేకపోతే వెల్ డన్ బదులు మీడియం చెప్పి చూడండి. వెల్ డనే కావాలంటే సిగ్గుపడకుండా సాస్ అడగండి. అది మీ ప్లేటు.

మొన్న శుక్రవారం మా తమ్ముడి టీమ్ మళ్లీ డిన్నర్‌కి వెళ్లింది. వీడు మధ్యాహ్నమే రెస్టారెంట్‌కి ఫోన్ చేశాడు. బ్రాందీ లేకుండా మిరియాల సాస్ విడిగా చేసిస్తామన్నారు. ఆ రాత్రి నాకు ఫోన్ రాలేదు. మర్నాడు నేనే చేసి అడిగాను. "తిన్నాను భాయ్, మీడియం. సాస్ సగం గిన్నెలోనే మిగిలింది" అన్నాడు.